చేయి వణికితే మందలించకండి

నల్లగొండ బావినీటిలోని ఫ్లోరైడు కంటికి కానరాదు. నీటిలో ముంచిన ఎలక్ట్రోడు దానిని పట్టి చూపుతుంది. మెదడులోని డోపమైన్‌ను సైతం శాస్త్రవేత్తలు విద్యుత్తుతోనే కొలుస్తున్నారు. 1973లో అమెరికాలో రాల్ఫ్ ఆడమ్స్ బృందం ఎలుక మెదడులో కార్బన్ ఎలక్ట్రోడును అమర్చింది. డోపమైన్ అక్కడ ఎలక్ట్రాన్లను వదిలినప్పుడు స్వల్ప విద్యుత్తు ప్రవహిస్తుంది. అయితే మెదడులో ఎంతో అధికంగా ఉండే విటమిన్ సి కూడా దాదాపు అదే వోల్టేజి వద్ద స్పందించి లెక్క తప్పిస్తుంది. గ్రాఫీన్, బంగారు నానోకణాల పూత ఆ రెండు సంకేతాలను విడదీయడానికి తోడ్పడుతుంది.

డోపమైన్‌నిచ్చే కణాలు నశిస్తే వచ్చేదే పార్కిన్సన్స్ వ్యాధి. కనుక నాన్నగారి చేయి వణికినా, సజ్దా నుండి లేవడంలో జాప్యమైనా అది బద్ధకమని విసుక్కోకండి. పరికరం ఇంటికి వచ్చేదాకా ఆగకండి. నేడే వైద్యునికి చూపించండి. చికిత్స చేయించుకొమ్మన్నది దైవప్రవక్త (స) ఉపదేశమే కదా!