మన శరీరములో నీటి యాజమాన్యము

పొలమునకు నీరు పెట్టు బోదె యెంత అవసరమో, మిగులు నీటిని తీసికొనిపోవు మురుగు కాలువయు అంత అవసరమని మీకు తెలియును. మురుగు పోని చేను క్రమముగా చౌడు బారును. శరీరములో ఈ పనిని మూత్రపిండములు చేయుచున్నవి. అవి మురుగును తీయుటయే కాక, మంచి నీటిని తిరిగి రక్తమునకు చేర్చును.

మూత్రపిండములు వెన్నెముకకు ఇరుప్రక్కల, వీపు వైపున ఉండును. ఒక్కొక్కటి పిడికిలియంత, తూకము సుమారు 150 గ్రాములు. గుండె పంపు రక్తములో అయిదవ వంతు, అనగా నిమిషమునకు లీటరు, వీనికే పోవును. ఒక్కొక్క దానిలో ఇంచుమించు పది లక్షల వడపోత గొట్టములు గలవు. ప్రతి గొట్టము మొదట సన్నని రక్తనాళముల ఉండ యొకటి యుండును. దానిలోనికి రక్తము వచ్చు దారి వెడల్పు, పోవు దారి ఇరుకు. ఎగువ తూము పూర్తిగా తీసి, దిగువ తూము సగము మూసినచో నీరు ఎగదన్ని గట్ల నుండి ఊరును గదా! ఇచటను అంతే. ఆ ఒత్తిడికి నీరు, ఉప్పు, చక్కెర, యూరియా గొట్టములోనికి దిగును. రక్తకణములు, మాంసకృత్తులు పెద్దవి గావున రక్తములోనే నిలుచును. (మీరు పైరునకు చల్లు యూరియాయు ఈ పదార్థమే. తిన్న మాంసకృత్తులు శరీరములో ఖర్చు కాగా మిగిలినది.)

ఇట్లు దిగు నీరు దినమునకు 180 లీటర్లు. అంతయు బయటికి పోయినచో మనిషి ఒక పూటయైనను బ్రతుకడు. కాని గొట్టము పొడవున నూటికి 99 పాళ్లు నీరు మరల రక్తములోనికి పీల్చబడును. మూత్రముగా పోవునది లీటరున్నర మాత్రమే.

ఎంత నీరు వెనుకకు తీయవలెనో మెదడు నిర్ణయించును. చెమట పోసి రక్తము చిక్కబడగనే వాసోప్రెసిన్ అను రసమును వదలును; మూత్రము తగ్గి చిక్కని పసుపుగా వచ్చును, దాహము వేయును. సారా ఈ రసమును అణచును గనుక, ఎండలో పనిచేసి సారా త్రాగువాడు నీటిని మరింత పోగొట్టుకొనును.

ఈ పొదుపునకు హద్దు కలదు. మురుగును కరిగించి పంపుటకు రోజుకు కనీసము అర లీటరు మూత్రము పోవలెను. ఎండలో బరువు పని చేయువానికి గంటకు లీటరు వరకు చెమటయే పోవును. కడవ గట్టుననే యున్నను, ఈ సాలు ముగియనిమ్మని ఆగువారు పలువురు! దాహము వేయక మునుపే మాటిమాటికి నీరో, మజ్జిగయో త్రాగుడు. మూత్రపిండ, గుండె జబ్బులున్నవారు మాత్రము వైద్యుడు చెప్పిన కొలత దాటరాదు. సాయంకాలము ఒళ్లు నొప్పులకు దుకాణములో బిళ్లలు కొని మ్రింగుట మరింత కీడు. నీరు తగ్గిన శరీరములో డైక్లోఫెనాక్ వంటివి ఆ ఎగువ తూమునే బిగించును.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానమున కొబ్బరి, జీడి తోటల మధ్య బ్రతుకు రైతులు, కూలీలు పలువురు ఏండ్లుగా మూత్రపిండ వ్యాధి పాలగుచున్నారు. కారణము ఇదియేనని శాస్త్రజ్ఞులు తేల్చలేదు. ఎండ పనిలో తరచు నీరు తరిగిపోవుట ఒక కారణము కావచ్చునని కొందరందురు. నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశముల చెరకు కోత కూలీలలోను ఇట్టి వ్యాధియే కలదు. 2023లో పలాసలో పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి.

మూత్రపిండములు సగము చెడువరకును నొప్పి తెలియదు. రక్తపోటు, మధుమేహము గలవారు ఏటేట రక్తములో క్రియాటినిన్, మూత్రములో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకొనవలెను. గ్రామోద్యోగులు వైద్య శిబిరము పెట్టించునపుడు ఈ రెండు పరీక్షలను తప్పక అడుగవలెను.