విన్నదీ చదివినదీ ఎంత అర్థమైంది? చైనా ప్రవేశ పరీక్షలో ఇంగ్లిష్ కొలత

చొక్కా ధర ఎంత? చైనాలో ఇంగ్లిష్ చదువుకున్న ఏ కాలేజీ విద్యార్థిని అడిగినా ఈ ప్రశ్నకు ఠక్కున జవాబు వస్తుంది: తొమ్మిది పౌండ్ల పదిహేను పెన్స్. అక్కడి విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష పేరు గావోకావో. అందులో ఇంగ్లిష్ పేపరు శ్రవణ విభాగంతో మొదలవుతుంది. జవాబు ఎలా గుర్తించాలో చూపడానికి ఆ విభాగం మొదట్లో ఏళ్ల తరబడి ఈ చొక్కా ప్రశ్ననే నమూనాగా ముద్రించారు. దానికి ఇచ్చిన ఆప్షన్లు మూడు: 19.15 పౌండ్లు, 9.18 పౌండ్లు, 9.15 పౌండ్లు.

ఈ మూడు అంకెలను ఊరికే ఎంచుకోలేదు. 'నైన్' అన్న మాటను 'నైన్‌టీన్' అని పొరబడినవారికి మొదటి ఆప్షన్ సరైనదిగా తోస్తుంది. 'ఫిఫ్టీన్' బదులు 'ఎయిటీన్' అని విన్నవారు రెండోది ఎంచుకుంటారు. రెండు మాటలూ సరిగ్గా విన్నవారే మూడోదాని దగ్గరికి వస్తారు. ఒక మనిషికి విన్నది ఎంత అర్థమైందో బయటికి కనిపించదు. పొరపాటు ఎక్కడ జరిగే వీలుందో ముందే ఊహించి, అక్కడ తప్పు జవాబు పెట్టి, లోపల జరిగినదాన్ని బయటికి లాగాలి. భాషా నైపుణ్యాన్ని కొలిచే శాస్త్రమంతా ఈ పని చుట్టూనే తిరుగుతుంది.

ఈ కొలత మీద ఆధారపడిన జీవితాలు తక్కువేమీ కావు. 2024లో గావోకావోకు నమోదైన విద్యార్థులు 1 కోటి 34 లక్షల మంది. ఇంగ్లిష్‌కు 150 మార్కులు. చైనీస్ భాషకూ గణితానికీ అన్నే. జనాభా ఎక్కువున్న రాష్ట్రాల్లో ఒకే మార్కు దగ్గర వేలమంది ఉంటారు. కాబట్టి ఒక్క ప్రశ్న తప్పితే ర్యాంకు వేల స్థానాలు కిందికి జారవచ్చు. జూన్ 8 మధ్యాహ్నం ఈ పరీక్ష జరిగే వేళ చాలా నగరాల్లో పరీక్షా కేంద్రాల దగ్గర హారన్ కొట్టనివ్వరు, నిర్మాణ పనులు ఆపిస్తారు.

పేపరులో ఏముంటుంది?

ఇప్పుడు ఎక్కువ రాష్ట్రాల్లో వాడుతున్న పేపరు వ్యవధి రెండు గంటలు. మొదటి 20 నిమిషాలు శ్రవణ విభాగానివి. ఇందులో 20 ప్రశ్నలు, ఒక్కోదానికి ఒకటిన్నర మార్కు చొప్పున 30 మార్కులు. మొదటి అయిదు చిన్న సంభాషణలను ఒక్కసారే వినిపిస్తారు. ఒక్కోదాని తర్వాత జవాబు గుర్తించడానికీ, తర్వాతి ప్రశ్న చదువుకోవడానికీ కలిపి పది సెకన్లే ఇస్తారు. ఆ తర్వాతి అయిదు భాగాలు కొంచెం పెద్దవి. వాటిని రెండేసిసార్లు వినిపిస్తారు.

పఠన విభాగానికి 50 మార్కులు. నాలుగు వ్యాసాలిచ్చి వాటి మీద 15 ప్రశ్నలు అడుగుతారు. ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు, రెండున్నర మార్కులు. అయిదో వ్యాసంలో అయిదు ఖాళీలుంటాయి. కింద ఏడు వాక్యాలిస్తారు. ఏ ఖాళీలో ఏ వాక్యం ఇముడుతుందో గుర్తించాలి, రెండు వాక్యాలు మిగిలిపోతాయి. మిగతా 70 మార్కులు ఖాళీలు నింపడం, వ్యాకరణం, రచనలవి.

వినడం వేరు, చదవడం వేరు

రెండింటిలోనూ అర్థం చేసుకోవడమే పని అయినా, మెదడు మీద పడే భారం ఒకటి కాదు. చదివేటప్పుడు కన్ను వెనక్కి వెళ్లవచ్చు, అర్థంకాని వాక్యాన్ని మళ్లీ చదువుకోవచ్చు. వినేటప్పుడు ఆ వీలుండదు. శబ్దం వచ్చినంత వేగంగా పోతుంది. విన్న ముక్కను కాసేపు జ్ఞాపకంలో నిలుపుకుంటూనే తర్వాతి ముక్కను అందుకోవాలి. ఒక మాట దగ్గర ఆగి ఆలోచిస్తే ఆ వెనకాలే వచ్చిన మూడు మాటలు చేజారిపోతాయి.

చైనా విద్యార్థులకు దీనికి తోడు మరో ఇబ్బంది ఉంది. ప్రామాణిక చైనీస్‌లో అక్షరం చివర వచ్చే హల్లులు చాలా తక్కువ, ముఖ్యంగా రెండు అనునాసికాలు మాత్రమే. ఇంగ్లిష్‌లో కాలమూ వచనమూ తెలిపే గుర్తులు చాలావరకు మాట చివరి హల్లుల్లోనే దాక్కుని ఉంటాయి. వేగంగా మాట్లాడేటప్పుడు ఆ హల్లులు మరీ మసకబారతాయి. 'వాక్' అన్నారా 'వాక్‌డ్' అన్నారా అన్నది కాగితం మీద చూస్తే తెలుస్తుంది, చెవికి దొరకదు. తెలుగువారికి ఈ చిక్కు కొత్తది కాదు. అచ్చుతో ముగిసే మాటలకు అలవాటుపడిన నాలుక 'బస్'ను 'బస్సు'గా, 'కార్డ్'ను 'కార్డు'గా మార్చుకుంటుంది. చైనీస్ మాట్లాడేవారు కూడా పరాయి మాటల చివర ఇలాగే అచ్చు చేర్చుకుంటారు.

చదవడంలో చిక్కు పదజాలం దగ్గర వస్తుంది. 2000లో హూ, నేషన్ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఎవరి సాయమూ లేకుండా ఒక కథను బాగా అర్థం చేసుకోవాలంటే అందులోని మాటల్లో దాదాపు 98 శాతం తెలిసి ఉండాలి. అంటే 300 మాటల వ్యాసంలో తెలియని మాటలు ఆరుకు మించకూడదు. అందుకే గావోకావో వ్యాసాల్లో అరుదైన మాట పక్కన దాని చైనీస్ అర్థం ముద్రిస్తారు. అక్కడ పరీక్షించాల్సింది ఆ ఒక్క మాట తెలుసా అన్నది కాదు, వ్యాసం అర్థమైందా అన్నది.

ఊహించి గుర్తిస్తే?

ఇంగ్లిష్ ఒక్క ముక్క రాని విద్యార్థి కళ్లు మూసుకుని జవాబులు గుర్తించాడనుకుందాం. శ్రవణ విభాగంలో మూడింటిలో ఒకటి ఒప్పవుతుంది కాబట్టి సగటున 10 మార్కులు వస్తాయి. నాలుగు ఆప్షన్ల పఠన ప్రశ్నల్లో ఇంకో 9 పైచిలుకు. అదృష్టం ఇచ్చే వాటా చిన్నదేమీ కాదు. అందుకే ప్రశ్నల సంఖ్య ముఖ్యం. రెండు ప్రశ్నలుంటే రెండూ గుడ్డిగా ఒప్పయ్యే అవకాశం తొమ్మిదింట ఒకటి. ఇరవై ప్రశ్నలకూ అలా ఒప్పు కావాలంటే దాదాపు 350 కోట్లలో ఒక్కసారే సాధ్యం. ప్రశ్నలు పెరిగేకొద్దీ అదృష్టం పాత్ర తగ్గి, మార్కు మీద నమ్మకం పెరుగుతుంది.

ఏడు వాక్యాల ప్రశ్నలో అయిదూ గుడ్డిగా కుదరాలంటే 2,520లో ఒక్క అవకాశమే ఉంటుంది. అయితే దానికీ ఒక లోపముంది. ఒక వాక్యాన్ని తప్పు ఖాళీలో పెడితే, అది నిజంగా చేరాల్సిన ఖాళీ కూడా తప్పుతుంది. ఒకే పొరపాటుకు అయిదు మార్కులు పోతాయి.

మంచి ప్రశ్నను గుర్తించడం

ప్రశ్న మంచిదో కాదో తేల్చడానికి రెండు అంకెలు చూస్తారు. మొదటిది కఠినత సూచిక. వెయ్యిమంది రాస్తే 600 మంది ఒప్పు గుర్తించారనుకుంటే అది 0.60. రెండోది విచక్షణ సూచిక. మొత్తం మార్కుల్లో పైన ఉన్న 27 శాతం మందినీ, అడుగున ఉన్న 27 శాతం మందినీ విడదీస్తారు. పై జట్టులోని 270 మందిలో 230 మంది, కింది జట్టులోని 270 మందిలో 95 మంది ఒప్పు గుర్తిస్తే, 85 శాతానికీ 35 శాతానికీ తేడా 0.50. అంటే ఆ ప్రశ్న బాగా వచ్చినవారినీ రానివారినీ స్పష్టంగా వేరుచేస్తోంది. ఈ తేడా సున్నాకు దగ్గరైతే ప్రశ్న పనికిరాదు. సున్నా కంటే కిందికి పోతే, అంటే బాగా వచ్చినవారే ఎక్కువగా తప్పు చేస్తే, లోపం విద్యార్థిలో కాదు, ప్రశ్నలోనో దాని 'కీ'లోనో ఉన్నట్టు.

ఇంకో పరీక్ష కూడా చేస్తారు. వ్యాసం చూపించకుండా ప్రశ్నలూ ఆప్షన్లూ మాత్రమే కొందరికి ఇస్తారు. లోకజ్ఞానంతోనో, పొడుగాటి ఆప్షన్ ఎంచుకునే అలవాటుతోనో వారికి ఎక్కువ మార్కులు వచ్చాయంటే, ఆ ప్రశ్నలు పఠనాన్ని కొలవడం లేదని అర్థం.

ఈ తూకాలన్నీ పరీక్షకు ముందే వేసుకోగలిగితే మంచిది. కానీ గావోకావో ప్రశ్నపత్రం కవరు విప్పేదాకా దేశ రహస్యం. అదే వయసు విద్యార్థుల మీద ముందుగా ప్రయోగించి చూస్తే ఆ రహస్యం నిలవదు. అందుకని పేపరు ఎంత కష్టంగా ఉండబోతోందో ముఖ్యంగా నిపుణుల అనుభవమే అంచనా వేయాలి. ఆ అంచనా తప్పితే ఏమవుతుందో 2018లో జజియాంగ్ రాష్ట్రంలో తెలిసింది.

జజియాంగ్ పాఠం

జజియాంగ్‌లో ఇంగ్లిష్ పరీక్షను రెండుసార్లు రాయవచ్చు, ఎక్కువ వచ్చిన మార్కే లెక్కలోకి వస్తుంది. ఒక్క రోజు మీదే బతుకంతా ఆధారపడకూడదన్నది ఈ సంస్కరణ ఉద్దేశం. అయితే రెండు పేపర్ల కఠినత ఒకటిగా ఉంటేనే ఇది న్యాయం. 2018 నవంబరు పేపరు అంతకుముందరి ఏడాదికంటే కఠినంగా వచ్చింది. తేడా పూడ్చడానికి అధికారులు పఠన, రచన భాగాల్లోని కొన్ని ప్రశ్నలకు పరీక్ష అయ్యాక అదనపు తూకం ఇచ్చి మార్కులు ప్రకటించారు. ఆ ప్రశ్నలు బాగా రాసినవారికి మార్కులు పెరిగాయి. బలం మరోచోట ఉన్నవారికి ఆ లాభం అందలేదు. తల్లిదండ్రులూ విద్యార్థులూ గట్టిగా నిలదీశారు. రాష్ట్ర ప్రభుత్వం దర్యాప్తు జరిపించి, ఆ నిర్ణయం తప్పని డిసెంబరులో ప్రకటించింది. అదనపు తూకం రద్దు చేసి అసలు మార్కులే ఇచ్చింది. బాధ్యులైన అధికారుల మీద చర్యలు తీసుకుంది.

పేపర్ల మధ్య తేడాను సరిచేయాలనుకోవడం తప్పు కాదు. దాన్నే సమీకరణం అంటారు. రెండు పేపర్లలోనూ కొన్ని ఉమ్మడి ప్రశ్నలు పెట్టి, వాటి ఆధారంగా ఒక పేపరు మార్కును రెండోదాని మార్కుగా మార్చడం అందులో పేరున్న పద్ధతి. పరీక్ష కాగానే ప్రశ్నలన్నీ అందరి చేతుల్లోకి వెళ్లేచోట ఉమ్మడి ప్రశ్నలు వాడటం కష్టం. మన ఈఏపీసెట్‌ను చాలా విడతల్లో నిర్వహిస్తారు. విడతల మధ్య తేడాకు నార్మలైజేషన్ చేస్తారు, ఆ సూత్రాన్ని ముందే ప్రకటిస్తారు. సూత్రం మీద వాదాలు ఉండవచ్చు. కానీ మార్కులు చూశాక తూకం రాళ్లు మార్చడం వేరు, తూచకముందే రాయి ఎంతో చెప్పడం వేరు.

కొలత చదువును మార్చినప్పుడు

పరీక్ష కొలిచి ఊరుకోదు, తరగతి గదిని కూడా మారుస్తుంది. ఈ ప్రభావాన్ని మంచికి వాడుకోవచ్చని 1980ల్లో గ్వాంగ్‌డాంగ్‌లోని భాషావేత్తలు గుయ్ షిచున్, లీ షియావ్‌జ్యూ ఆశించారు. 1985లో అక్కడ ప్రయోగాత్మకంగా మొదలైన ప్రామాణిక ఇంగ్లిష్ పరీక్షే తర్వాత దేశమంతటికీ విస్తరించింది. వ్యాకరణ సూత్రాలు బట్టీపట్టించే బడి, భాషను వాడటం నేర్పే బడిగా మారుతుందని దాని రూపకర్తల ఆశ. 2005లో వెలువడిన చీ లూష్యా పరిశోధన ఆ ఆశ చాలావరకు నెరవేరలేదని చూపించింది. విద్యార్థులను ఎంపిక చేసే సాధనంగా పరీక్షకున్న బరువు ఎంత పెద్దదంటే, ఉపాధ్యాయులూ విద్యార్థులూ భాషా వాడకం కంటే మార్కులు తెచ్చే సాధన మీదే దృష్టి పెట్టారు.

ఆ తర్వాత కూడా కొలతను భాషకు దగ్గర చేసే ప్రయత్నాలు ఆగలేదు. 2018లో చైనా తన సొంత ఇంగ్లిష్ సామర్థ్య ప్రమాణాలను విడుదల చేసింది. అందులో తొమ్మిది స్థాయులున్నాయి. 'ఎన్ని మార్కులు' అని కాకుండా 'ఏం చేయగలరు' అనే భాషలో వాటిని వివరించారు. బీజింగ్‌లో శ్రవణ పరీక్షను కంప్యూటరు మీద ఏడాదికి రెండుసార్లు జరుపుతున్నారు. 2021 నుంచి దానికి మాట్లాడే పరీక్షను కూడా కలిపి 50 మార్కులు కేటాయించారు. మాట్లాడటానికి మార్కులుంటే బడిలో మాట్లాడిస్తారన్నది ఇందులోని తర్కం.

థర్మామీటరు జ్వరాన్ని మార్చదు. భాషా పరీక్ష అలాంటిది కాదు, దేన్ని కొలుస్తుందో దాన్నే పెంచుతుంది, కొలవనిదాన్ని ఎండగడుతుంది. చొక్కా ధర సరిగ్గా విన్న విద్యార్థి రేపు దుకాణంలో బేరమాడగలడా అన్నది ఆ ఒకటిన్నర మార్కు చెప్పలేదు. అది చెప్పగలిగే పరీక్షను తయారుచేయడం, అదీ కోటి మందికి పైగా ఒకే న్యాయంతో పెట్టడం, ఈ శాస్త్రం ముందు ఇంకా మిగిలి ఉన్న పని.