రంగు చిమ్ము విద్యుద్యంత్రము

ఇంటి ముంగిటి యినుప గేటునకు గాలి యంత్రముతో రంగు వేయించినవారికి ఒక సంగతి తెలిసియే యుండును. గేటునకు పట్టిన రంగుకంటె వెనుకనున్న గోడకును, ప్రక్కనున్న వేపచెట్టు ఆకులకును, పనివాని మీసములకును పట్టిన రంగే యెక్కువ. ఇది పరిహాసమునకు చెప్పుమాట కాదు. కమ్మికిని కమ్మికిని నడుమ ఖాళీయే యధికము గదా! గాలి చిమ్మిన తుంపురులు ఆ ఖాళీలోనుండి దూసికొని పోవును. కమ్మి చెంతకు వచ్చిన తుంపురులలో కొన్ని గాలితోడనే ప్రక్కకు చెదరిపోవును. చదునైన రేకుమీదనైనను సామాన్య యంత్రము చిమ్మిన రంగులో సగము నిలుచుట అరుదు. పోయిన రంగునకు వెల యిచ్చినవారము మనము. దాని యావిరిని పీల్చినవాడు పనివాడు.

ఈ నష్టమును తగ్గించుటకై 1940 ప్రాంతమున, అమెరికాలోని ఇండియానాపోలిస్ నగరమున, హెరాల్డ్ రాన్స్‌బర్గ్ అనునతడు విద్యుచ్ఛక్తిని రంగుపనికి నియోగించెను. ఆతని పద్ధతియే క్రమముగా మార్పుచెంది, నేడు కర్మాగారములలో చేతబట్టి వాడు తుపాకి వంటి పరికరమైనది.

ఇందలి మూలసూత్రము మనకు క్రొత్తది కాదు. పొడి దినములలో తల దువ్విన దువ్వెన కాగితపు ముక్కలను లాగును. రాపిడి తగిలిన తృణమణి గడ్డిపరకను లాగును. దానికా పేరు వచ్చినదే యందువలన. విద్యుత్తు రెండు జాతులు: ధనము, ఋణము. ఒకే జాతి విద్యుత్తు గల వస్తువులు ఒకదానినొకటి త్రోసికొనును, భిన్నజాతులవి ఆకర్షించుకొనును. ఈ రెండు గుణములను రంగు చుక్కలకు కల్పించుటయే యీ యంత్రము చేయు పని.

పరికరపు మీట నొక్కగానే రంగు ముక్కునుండి వెలువడి గాలి దెబ్బకు తుంపురులగును. ముక్కు కొనయందు సూది వంటి యొక లోహపు ముల్లు కలదు. దానికి 30,000 మొదలు 1,00,000 వోల్టుల వరకు ఒత్తిడి గల ఋణవిద్యుత్తు నందింతురు. మన యిండ్లలోని దీపములకు వచ్చునది 230 వోల్టులే. మరి దీనిని చేతబట్టినవాడు బ్రతుకునా యని మీరు శంకింపవచ్చును. ఒత్తిడి హెచ్చేగాని ప్రవాహము మిక్కిలి స్వల్పము. సుమారుగా ఆంపియరులో పదివేలవ వంతు. కొండకొమ్మునుండి జారినను నీటిచుక్క చుక్కయే గదా!

ముల్లు కొనయొద్ద గాలి కణములు విచ్ఛిన్నములై, వాని ఋణవిద్యుత్తు రంగు చుక్కలకు అంటుకొనును. అన్నియు ఒకే జాతివగుటచే చుక్కలు ఒకదానినొకటి త్రోసికొనుచు, ముద్దకట్టక, మంచువలె సమముగా విచ్చుకొనును. ఎదుట వ్రేలాడు వస్తువును తీగతో భూమికి కలిపియుంతురు. చుక్కలు చేరువగుకొలది ఆ లోహమునందలి ఋణవిద్యుత్తు తీగ వెంట భూమిలోనికి తరుమబడును. పైభాగమున ధనవిద్యుత్తు మిగిలి చుక్కలను తనవైపు లాగికొనును. అంటుకొన్న చుక్క తెచ్చిన విద్యుత్తు సయితము ఆ తీగ వెంటనే భూమిని చేరును. ఇందులో వింతయేమనగా, గురి తప్పి దాటిపోవుచున్న చుక్కలలో ననేకములు వెనుదిరిగి వచ్చి కమ్మి వీపునకు పట్టుకొనును. అందుచే గేట్లకు, సైకిలు చట్రములకు, కుర్చీకాళ్లకు దీనిని మించిన సాధనము లేదు.

అయినను లోపములు లేకపోలేదు. అమ్మువారు వానిని గట్టిగా చెప్పరు. చుట్టును లోహముచే మూయబడిన స్థలములోనికి బయటి విద్యుదాకర్షణ ప్రవేశింపదని మైకేల్ ఫారడే 1836లో లోహపు రేకులు కప్పిన గదిని నిర్మించి నిరూపించెను. ఇనుప బీరువా లోపలి మూలలకు అదే గతి. రంగు అంచులకు దట్టముగా పట్టును, మూలలకు అందదు. నేర్పరియైన పనివాడు అట్టిచోట విద్యుత్తును తగ్గించి గాలితోడనే కొట్టును. ఎండిన కొయ్యలో విద్యుత్తు ప్రవహింపదు గనుక, తలుపులకు వాడవలెనన్న ముందు విద్యుద్వాహకమైన పూత పూయవలసియుండును.

ద్రవమునకు బదులు పొడిరంగును ఇట్లే చిమ్ము పద్ధతియు కలదు. విద్యుదాకర్షణచే అంటుకొన్న పొడిని కొలిమిలో సుమారు 180 మొదలు 200 సెంటిగ్రేడు డిగ్రీల వేడిలో కరగించి గట్టిపరతురు. ఇందు థిన్నరు లేదు. క్రిందపడిన పొడిని జల్లించి మరల వాడవచ్చును.

ఇక ముఖ్యమైన సంగతి. ఇంత వెలగల యంత్రమునకు ప్రాణము ఆ యెర్తు తీగయే. తీగ తెగినను, పట్టు వదులైనను, వస్తువు మీది విద్యుత్తునకు పోవు దారి లేక అక్కడనే పేరుకొనును. మొదట కనబడు గుర్తేమనగా, రంగు వస్తువునకు పట్టక పనివాని మీదికే మరలును. పిదప ఎవరైన వస్తువు చెంతకు చేయి చాచినప్పుడు నిప్పురవ్వ లేచును. చుట్టును థిన్నరు ఆవిరి నిండియున్నచో ఆ రవ్వయే అగ్నిప్రమాదమగును.

ఈ తెంపు చాలవరకు తీగయందు గాక, వస్తువును వ్రేలాడదీసిన కొక్కెమునందు కలుగును. పూసినప్పుడెల్ల కొక్కెమునకును రంగు పట్టి, ఎండి, పెచ్చులై విద్యుత్తునకు అడ్డుగోడ యగుచున్నది. కంటికి తీగ బాగుగనే యున్నట్లు తోచును. దారి మాత్రము మూసికొనిపోయినది. అందుచే కొక్కెమును తరచుగా గీకి లోహము బయటపడునట్లు చేయుదురు. పనివాడు వట్టి అరచేతితో పరికరపు పిడిని పట్టవలెను. చేతితొడుగు వేసికొన్నచో దాని అరచేతి భాగమును కత్తిరింతురు. లేనియెడల, రబ్బరు చెప్పులు తొడిగి నిలుచున్న యాతని యొడలే విద్యుత్తునకు నిలువయగును. కొయ్యపీట మీద పెట్టిన థిన్నరు డబ్బాకును ఇదే ప్రమాదము. దానిని సయితము భూమికి కలుపవలెను. ముక్కునకు కట్టుకొను ముసుగు ఎప్పటివలెనే యుండవలెను. గాలిలో పోవు రంగు తగ్గినదేగాని, లేకపోలేదు.