ఎండ పుష్కలం... ఆసరా స్వల్పం!
సొంతంగా సౌర విద్యుత్ అమర్చుకున్నవారికి కంపెనీల అండ అంతంతమాత్రం

రతన్‌పూర్: కలచూరి రాజు రత్నదేవుని పేరు మీద వెలసిన ఈ ప్రాచీన పట్టణంలో నవరాత్రుల తొమ్మిది రోజులూ మహామాయ ఆలయంలో వేలాది జ్యోతి కలశాలు ఆరకుండా వెలుగుతూ ఉంటాయి. నూనె తరిగితే పోయడానికి, వత్తి మాడితే ఎగదోయడానికి మనుషులు కనిపెట్టుకుని ఉంటారు. ఇంటి కప్పు మీద సొంత ఖర్చుతో, సొంత చేతులతో సౌర ఫలకం బిగించుకున్న గృహస్థుడికి అటువంటి అదృష్టం లేదు. ఒకనాటి సాయంత్రం అతని ఇంట్లో దీపం ఆరిపోతే లోపం ఫలకానిదో, బ్యాటరీదో, మధ్యనున్న చిన్న పెట్టెదో చెప్పే నాథుడు ఉండడు. మూడింటినీ తయారు చేసినవి మూడు వేర్వేరు కంపెనీలు. "మా వస్తువులో దోషం లేదు" అని మూడూ చెప్పగలవు. విచిత్రమేమంటే ఆ మాట మూడింటి విషయంలోనూ నిజమే కావచ్చు.

రతన్‌పూర్ బిలాస్‌పూర్‌కు సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, కట్‌ఘోరా వైపు వెళ్లే రహదారి మీద ఉంది. రైలు దిగవలసింది బిలాస్‌పూర్‌లోనే. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్న ఆ నగరంలో బెంగాల్ నాగపూర్ రైల్వే నాటి నుంచి తెలుగు కుటుంబాలు ఉంటున్నాయి. ఉద్యోగ విరమణ తరువాత అక్కడే ఇల్లు కట్టుకుని స్థిరపడినవారూ ఉన్నారు. విద్యుత్తు విషయంలో ఈ ప్రాంతం దేశానికే ఒక పెద్ద కొలిమి. ఒకవైపు సీపత్‌లో 2,980 మెగావాట్ల ఎన్‌టీపీసీ కేంద్రం, మరోవైపు కోర్బాలో అదే సంస్థకు చెందిన 2,600 మెగావాట్ల కేంద్రం ఉన్నాయి. ఆగ్నేయ కోల్‌ఫీల్డ్స్ కేంద్ర కార్యాలయం కూడా బిలాస్‌పూర్‌లోనే ఉంది. ఇంత బొగ్గు మధ్య ఉండి కూడా సామాన్యుడు ఎండ వైపు చూస్తున్నాడంటే, అందుకు ఫలకాల ధరలు గత పదిహేనేళ్లలో విపరీతంగా తగ్గడం ఒక కారణం కాగా, సామగ్రి అంతా ఇంటి గుమ్మం దాకా వచ్చి పడుతుండటం మరో కారణం.

మారుతూ వచ్చిన నిబంధనలు

సొంతంగా అమర్చుకోవడం నేరమేమీ కాదు. 2022 జనవరిలో కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వశాఖ ఈ మాట స్పష్టంగానే ప్రకటించింది. జాబితాలో ఉన్న విక్రేతల చేతనే పెట్టించుకోవాలన్న నియమం ఇక అవసరం లేదని, గృహస్థులు తామే అమర్చుకుని గానీ, నచ్చినవారి చేత అమర్పించుకుని గానీ ఫొటోతో సహా విద్యుత్ పంపిణీ సంస్థకు తెలియజేస్తే చాలునని అప్పట్లో పేర్కొంది. అదే ఏడాది జూలై 30న జాతీయ పోర్టల్ ప్రారంభమైంది. కానీ ఆచరణలోకి వచ్చేసరికి రాయితీ కావాలంటే నమోదైన విక్రేత ద్వారానే వెళ్లాలన్న పద్ధతి స్థిరపడింది. 2024 ఫిబ్రవరిలో మొదలైన "పీఎం సూర్యఘర్" పథకానిదీ అదే దారి. 75,021 కోట్ల రూపాయల వ్యయంతో కోటి ఇళ్లను ఉద్దేశించిన ఈ పథకం కింద మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30 వేల రూపాయలు, మూడో కిలోవాటుకు 18 వేలు, మొత్తం మీద గరిష్ఠంగా 78 వేల రూపాయల సాయం అందుతుంది. 2025 మార్చి నాటికి పది లక్షల ఇళ్లు దీని పరిధిలోకి వచ్చాయి.

విక్రేత అయిదేళ్లపాటు నిర్వహణ బాధ్యత వహించాలన్న షరతు ఈ పథకంలోని మేలైన అంశం. అయితే పథకం గ్రిడ్‌తో అనుసంధానమయ్యే ఏర్పాట్లకే వర్తిస్తుంది. కరెంటు పోయినప్పుడు ఈ ఏర్పాటు కూడా ఆగిపోతుందన్న సంగతి చాలామందికి బిగించిన తరువాతనే తెలుస్తుంది. స్తంభమెక్కి పనిచేసే లైన్‌మన్ ప్రాణరక్షణ కోసం పెట్టిన నియమమిది. దీన్ని తప్పుపట్టడానికి వీలులేదు. కరెంటు కోత సమయంలో రెండు ఫంక్షన్లు... అంటే ఒక ఫ్యాను, ఒక దీపం నడిస్తే చాలుననుకునేవాడికి మాత్రం దీనివల్ల ప్రయోజనం శూన్యం. అద్దె ఇంటివాడు, రేకుల కప్పు దుకాణదారుడు, తోటలో కాపలా గుడిసె ఉన్న రైతు, వీరందరికీ మిగిలింది బ్యాటరీతో కూడిన చిన్న ఏర్పాటే. దానికి ఈ రాయితీ లేదు, అయిదేళ్ల పూచీ అంతకన్నా లేదు.

540 వాట్లు కాస్తా 170

సొంత ఏర్పాటులో తొట్టతొలి పొరపాటు జత కలపడంలోనే జరుగుతుంది. పూర్వం 12 వోల్టుల బ్యాటరీ కోసం 36 సిలికాన్ ఘటాల ఫలకం వచ్చేది. దానికి చౌకరకం ఛార్జ్ కంట్రోలర్ సరిపోయేది. ఇప్పుడు చౌకగా దొరికేవి పెద్ద ఇళ్లకు, విద్యుత్ కేంద్రాలకు ఉద్దేశించిన 540 వాట్ల ఫలకాలు. ఇవి సుమారు 41 వోల్టుల వద్ద 13 ఆంపియర్ల కరెంటు ఇస్తాయి. పీడబ్ల్యూఎం అనే చౌకరకం కంట్రోలర్ ఫలకాన్ని బ్యాటరీ వోల్టేజీకే లాగి కట్టేస్తుంది. అంటే అవే 13 ఆంపియర్లు 13 వోల్టుల వద్ద అందుతాయి. గుణిస్తే వచ్చేది 170 వాట్ల చిల్లర. మూడింట రెండు వంతులు ఎండలోనే మిగిలిపోయిందన్నమాట. కంట్రోలర్ ఆ వోల్టేజీకి అసలు తట్టుకునేది కాకపోతే ఆ కాస్తా దక్కదు, పెట్టె కాలిపోతుంది. కొన్నవాడు ఫలకం నకిలీదని అనుకుంటాడు. కంపెనీవాడు పరీక్షించి నిక్షేపంగా ఉందంటాడు. ఎంపీపీటీ అనే ఖరీదైన కంట్రోలర్ మిగులు వోల్టేజీని ఆంపియర్లుగా మార్చి ఈ నష్టాన్ని చాలావరకు తప్పిస్తుంది.

దానికీ ఒక మెలిక ఉంది. భారం లేనప్పుడు ఈ ఫలకం వోల్టేజీ 50కి చేరువలో ఉంటుంది. ఆ అంకె 25 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద కొలిచినది. చలి పెరిగితే వోల్టేజీ కూడా పెరుగుతుంది. గరిష్ఠం 50 వోల్టులని రాసి ఉన్న కంట్రోలర్ వేసవి అంతా చక్కగా పనిచేసి, పుష్యమాసపు ఉదయాన సూర్యుడు పొడిచిన కాసేపటికే పాడైపోవచ్చు. అప్పుడు గడువు లోపలే ఉన్న వారంటీ కూడా అక్కరకు రాదు. పరిమితి మించి వాడినట్టు కంపెనీ తేల్చేస్తుంది. సాంకేతికంగా అది న్యాయమే. కాని ఉష్ణోగ్రతకూ వోల్టేజీకీ ఉన్న ఈ లంకెను పెట్టెలో పెట్టిన కరపత్రంలో నాలుగు వాక్యాల్లో, కొన్నవాడికి వచ్చిన భాషలో చెప్పి ఉంటే పోయేదేముంది? ఆ కరపత్రాలు చాలావరకు ఆంగ్లంలో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి. హిందీ, తెలుగు భాషల్లో కనిపించడం అరుదు.

బ్యాటరీ కథ వేరు. సీసపు బ్యాటరీని 25 డిగ్రీల వద్ద 14.4 వోల్టుల దాకా ఛార్జ్ చేయవచ్చు. గది వేడి 45 డిగ్రీలకు చేరినప్పుడు ఆ హద్దును అర వోల్టు మేరకు తగ్గించాలి. ఛత్తీస్‌గఢ్ మే నెల వేడి అటువంటిదే. వేడిని కనిపెట్టే చిన్న తీగ లేని కంట్రోలర్‌కు ఈ సంగతి తెలియదు. నీరు ఆవిరై, పలకలు తేలి, నాలుగైదేళ్లు మన్నవలసిన బ్యాటరీ ముందుగానే చేతులెత్తేస్తుంది.

సామర్థ్యం లెక్క కూడా కొనేవారు వేసుకోవడం తక్కువ. 30 వాట్ల కొత్తరకం ఫ్యాన్లు రెండు పది గంటలు, 9 వాట్ల దీపాలు నాలుగు అయిదు గంటలు, 60 వాట్ల టీవీ నాలుగు గంటలు నడిస్తే రోజుకు వెయ్యి వాట్ అవర్లకు పైచిలుకు, అనగా ఒక యూనిట్ ఖర్చవుతుంది. 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్లున్నా, ఆయుష్షు తగ్గకుండా వాడుకోదగినది సగమే. కనుక రాత్రిపూట భారమంతా దానిమీదే వేస్తే చాలదు. తరుగులు పోను ఫలకం దాదాపు 400 వాట్లు ఉండాలి. చాలామంది ముందు వస్తువులు కొని, తరువాత ఈ లెక్కకు వస్తారు.

పెట్టెల మధ్య భాషాభేదం

కొత్తగా వచ్చిన లిథియం బ్యాటరీలు ఈ చిక్కును మరో మెట్టు పైకి తీసుకెళ్లాయి. బ్యాటరీలోని రక్షణ పరికరం తన స్థితిని ఇన్వర్టర్‌కు తీగ ద్వారా తెలియజేస్తుంది. ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క సంకేత భాష. ఆ భాష వివరాలను పలు కంపెనీలు బయటపెట్టవు. తమ బ్యాటరీతో తమ ఇన్వర్టరే కొనాలన్న వ్యాపార నీతి ఇందులో ఉందనడం అతిశయోక్తి కాదు. ఇన్వర్టర్ తెర మీద ఒక అంకె వెలిగి ఆగిపోతుంది. దాని అర్థం సర్వీసు కేంద్రంవారికే ఎరుక. సదరు కేంద్రం రాష్ట్ర రాజధానిలోనో, మరో రాష్ట్రంలోనో ఉంటే పది, పదిహేను కిలోల పెట్టెను పార్సిల్ చేసి పంపడం, వారాల తరబడి చీకట్లో ఉండటం తప్పదు.

ఇంటర్నెట్‌కు కలిపే ఇన్వర్టర్లతో మరో బెడద ఉంది. 2024 నవంబరులో అమెరికాలో కొన్ని ఇళ్లలో ఒక చైనా కంపెనీ తయారీ ఇన్వర్టర్లు, ఆ దేశంలో వాడకానికి తమకు అనుమతి లేదన్న సందేశాన్ని తెర మీద చూపి, పనిచేయడం మానుకున్నాయి. డబ్బిచ్చి కొన్న యంత్రం మీద ఎవరి పెత్తనమన్న చర్చ అప్పుడు జోరందుకుంది.

ఫలకాల మీద 25 ఏళ్ల హామీ అని పెద్ద అక్షరాలతో ప్రకటనలు కనిపిస్తాయి. అది ఉత్పాదకత తగ్గుదలకు సంబంధించిన హామీ. వస్తువు లోపాలకు ఇచ్చేది సాధారణంగా 10, 12 ఏళ్లు. తగ్గుదలను రుజువు చేయాలంటే ప్రయోగశాల కొలతలు కావాలి. రతన్‌పూర్‌లో రెండు ఫలకాలున్న వ్యక్తి ఆ పరీక్షకు పెట్టే ఖర్చుతో కొత్త ఫలకమే కొనుక్కోవచ్చు. పైగా అర్హుడైన నిపుణుడు బిగించకపోతే హామీ చెల్లదన్న షరతు ఎక్కడో ఒక మూల ఉండనే ఉంటుంది.

ప్రమాదం కూడా కొట్టిపారేయదగినది కాదు. ఇళ్లకు వచ్చే ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు చేరుతుంది గనుక నిప్పురవ్వ పుట్టినా ఆరిపోయే వీలుంది. ఫలకం నుంచి వచ్చే డీసీ కరెంటులో ఆ విరామం లేదు. రవ్వ పుడితే మండుతూనే ఉంటుంది. ఇంటి స్విచ్చును, ఇంటి ఫ్యూజును దీనికి వాడటం, వేర్వేరు కంపెనీల కనెక్టర్లను చూపులకు ఒకేలా ఉన్నాయని బలవంతంగా కలపడం అగ్నిప్రమాదాలకు దారి తీస్తాయి. తక్కువ వోల్టేజీ అంటే భయం లేదన్న అపోహ ఒకటి. వెయ్యి వాట్ల భారాన్ని 12 వోల్టుల మీద లాగితే 83 ఆంపియర్లు ప్రవహిస్తుంది. సన్నని తీగ దానికి తాళలేదు.

కాపలా ఉంటేనే వెలుగు

ఇందుకు భిన్నమైన అనుభవం ఇదే రాష్ట్రంలో ఉంది. 2001లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ పునరుత్పాదక ఇంధన అభివృద్ధి సంస్థ, క్రెడా, తీగలు చేరని అటవీ గ్రామాల్లో చిన్న చిన్న సౌర విద్యుత్ కేంద్రాలను నెలకొల్పింది. వాటిని బిగించి వదిలేయకుండా నిర్వహణకు ఒక వరుస ఏర్పరచింది. ఫలకాలు తుడవడానికి, కేంద్రాన్ని కనిపెట్టుకోవడానికి ఊళ్లోనే ఒక మనిషి ఉంటాడు. కొన్ని గ్రామాలకు కలిపి ఒక సాంకేతికుడు తిరుగుతూ బ్యాటరీల్లో శుద్ధజలం పోసి, బిగింపులు సరిచూస్తాడు. పెద్ద లోపాలు ఆపైవారి బాధ్యత. దేశంలో ఎన్నో చోట్ల ఇటువంటి కేంద్రాలు రెండు మూడేళ్లకే మూలపడగా ఇక్కడివి నిలదొక్కుకోవడానికి ఈ ఏర్పాటే కారణమని ఈ రంగంలోనివారు చెబుతుంటారు. రాజస్థాన్‌లోని తిలోనియాలో బంకర్ రాయ్ 1972లో స్థాపించిన బేర్‌ఫుట్ కళాశాల మరో దారి తొక్కింది. చదువు అంతగా రాని గ్రామీణ మహిళలకే సౌర దీపాలను కూర్చడం, మరమ్మతు చేయడం నేర్పింది. అక్కడ పాఠం రంగుల గుర్తుల మీద సాగుతుంది.

జర్మనీలో ప్రభుత్వం సొంత ఏర్పాటును ఒక పరిమితికి లోబరచి సులభతరం చేసింది. బాల్కనీకి తగిలించి, గోడ ప్లగ్గులో పెట్టుకునే 800 వాట్ల లోపు పరికరాన్ని అద్దె ఇంటివారు సైతం వాడుకోవచ్చు. ఇంటర్నెట్‌లో పేరు నమోదు చేసుకుంటే సరిపోతుంది. ఫలకం, ఇన్వర్టర్, తీగ ఒకే జతగా కూడా అమ్ముతుండటంతో జత కలపడంలో పొరపాటుకు తావు తక్కువ. భారత్‌లో ఈ తరహా చిన్న ఏర్పాట్లకు ప్రత్యేక నిబంధనలంటూ లేవు. తనకు తానుగా గ్రిడ్‌కు కలిపితే చట్టవిరుద్ధమే కాక లైన్‌మన్‌కు ప్రాణాపాయం.

మరమ్మతు హక్కు పేరిట కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో ఒక పోర్టల్‌ను తెరిచింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలను ముందుగా ఎంచుకుంది. సౌర సామగ్రికి విడిగా చోటు దక్కలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించే హక్కు మాత్రం అందరికీ ఉంది. 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. రసీదు, క్రమసంఖ్య ఉన్న చీటీ, బిగించిన నాటి ఫొటోలు దాచుకున్నవారి మాటకు అక్కడ బలం ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సౌర పరికరాలపై జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లు లేకుండా కొంటే మిగిలేది ఇప్పుడు ఇంకా స్వల్పమే.

ఆయుష్షు తీరిన ఫలకాల సంగతి ఎవరికీ పట్టినట్టు లేదు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల్లో సౌర ఫలకాలను కూడా చేర్చారు. తయారీదారులు పాత ఫలకాలను 2034-35 దాకా భద్రపరచాలని అందులో ఉంది. పెద్ద విద్యుత్ కేంద్రాల యజమానులు లారీలకెత్తి పంపగలరు. ఒకటి రెండు ఫలకాలున్న ఇంటివారు పగిలిన అద్దాన్ని ఎవరికి అప్పగించాలో చెప్పేవారు పట్టణంలో లేరు. పాత సామాన్లవాడు అంచున ఉన్న అల్యూమినియం చట్రాన్ని ఊడదీసుకుని, మిగతాది మేడ మీదే వదిలి వెళతాడు.