గీజర్ మంట చెప్పే సంగతులు

గ్యాస్ గీజర్‌లో నీళ్లు నిల్వ ఉండవు. కుళాయి తిప్పగానే రాగి గొట్టాల్లో పారే నీటిని కింది బర్నర్ అప్పటికప్పుడు వేడిచేస్తుంది. నిమిషానికి 6 లీటర్ల నీటి వేడిని 25 డిగ్రీల సెల్సియస్ పెంచాలంటే సుమారు పదిన్నర కిలోవాట్ల శక్తి కావాలి. మామూలు ఇన్‌స్టంట్ ఎలక్ట్రిక్ గీజర్ శక్తి 3 కిలోవాట్లే. వృథా అయ్యే వేడినీ కలుపుకుంటే, ఆగకుండా మండే గ్యాస్ గీజర్ గంటకు ఇంచుమించు కిలో ఎల్‌పీజీ తాగుతుంది. అంత మంట చిన్న పెట్టెలో సరిగా మండాలంటే సమయానికి స్పార్క్, తగిన ఒత్తిడితో గ్యాస్, చాలినంత గాలి, కాలిన వాయువులు బయటికి పోయే దారి ఉండాలి. లోపాన్ని ముందు ఈ నాలుగింటిలో వెతకాలి.

గీజర్ వెలిగే క్రమం తెలిస్తే వెతకడం తేలిక. పారే నీటి ఒత్తిడి వాటర్ వాల్వ్‌లోని రబ్బరు డయాఫ్రమ్‌ను నెడుతుంది. ఆ కదలికకు మైక్రోస్విచ్ ఆన్ అవుతుంది. ఎలక్ట్రోడ్ టిక్‌టిక్‌మంటూ స్పార్క్ ఇస్తుంది, సొలినాయిడ్ వాల్వ్ తెరుచుకుని గ్యాస్ వదులుతుంది. చాలా గీజర్లలో ఈ పనులకు కావలసిన కరెంటు రెండు 1.5 వోల్టుల బ్యాటరీల నుంచే వస్తుంది. మంట అంటుకుందని సెన్సర్ కడ్డీ గుర్తిస్తేనే గ్యాస్ కొనసాగుతుంది. లేకపోతే కొన్ని సెకన్లలో ఆగిపోతుంది.

కుళాయి తిప్పినా టిక్ శబ్దం రాకపోతే ముందు బ్యాటరీలు మార్చి చూడాలి. అయినా రాకపోతే నీటి ఒత్తిడిని అనుమానించాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు గీజర్‌కు ఒక మీటరు ఎత్తులో ఉంటే వచ్చే ఒత్తిడి 0.1 బార్ మాత్రమే. అందుకే ట్యాంకుకు దగ్గరగా ఉన్న పై అంతస్తులో ఇబ్బంది ఎక్కువ. నీరు లోపలికి వచ్చేచోట ఉండే జాలీలో ఇసుక, తుప్పు చేరినా ఇదే జరుగుతుంది.

శబ్దం వస్తున్నా మంట రాకపోతే గ్యాస్ అందడం లేదన్నమాట. సిలిండర్ మార్చిన వెంటనే అయితే గొట్టంలో చేరిన గాలి కారణం కావచ్చు. రెండు మూడుసార్లు కుళాయి కట్టి తిప్పితే సరిపోతుంది. సిలిండర్ అడుగంటినప్పుడు, ముఖ్యంగా చలికాలంలో, ఒత్తిడి తగ్గుతుంది. వంట పొయ్యికి సరిపోయే గ్యాస్ గీజర్‌కు చాలకపోవడం అందువల్లే.

మంట వెలిగి వెంటనే ఆరిపోతే సెన్సర్ కడ్డీకి మసి పట్టి ఉండవచ్చు, లేదా అది మంటకు ఎడంగా జరిగి ఉండవచ్చు. చాలాసేపు మండాక ఆగితే కారణం వేరు. కొన్ని మోడళ్లలో దాదాపు 20 నిమిషాలకు ఆపే టైమర్ ఉంటుంది. బోరునీటి సున్నం రాగి గొట్టాల్లో గార కట్టినప్పుడు వేడి పెరిగి, రక్షణ స్విచ్ గ్యాస్‌ను ఆపేస్తుంది.

‘ధబ్’మన్న చప్పుడుతో వెలగడాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. స్పార్క్ బలహీనమై ఆలస్యంగా అంటుకుంటే, అప్పటికే పోగైన గ్యాస్ ఒక్కసారిగా మండుతుంది. బ్యాటరీలు మార్చినా చప్పుడు తగ్గకపోతే వాడకం ఆపి మెకానిక్‌కు చూపించాలి.

ఇవన్నీ తమంత తాము బయటపడే లోపాలు. వేడినీళ్లు యథాప్రకారం వస్తుండగానే మంట చెడడం వీటికన్నా ప్రమాదం. గీజర్ అద్దంలోంచి చూస్తే ఆరోగ్యమైన మంట నీలంగా, కదలకుండా కనిపిస్తుంది. అది పసుపు రంగుకు తిరిగి, కొసలు ఊగుతూ, పెట్టె మీద నల్లటి మరకలు పడితే గాలి చాలడం లేదని అర్థం. బర్నర్ గాలిరంధ్రాల్లో దుమ్ము, సాలెగూళ్లు చేరితే ఇలా జరుగుతుంది. మసి రాగి గొట్టాలకున్న రేకుల మధ్య పేరుకుంటే పొగ పోయే దారి మూసుకుని మంట మరింత చెడుతుంది. మంట బర్నర్‌ను వదిలి పైకి లేస్తుంటే గ్యాస్ ఒత్తిడి ఎక్కువైనట్టు. ఇళ్ల ఎల్‌పీజీ రెగ్యులేటర్ ఇచ్చే ఒత్తిడి దాదాపు 30 మిల్లీబార్లు. దాని బదులు హోటళ్లలో వాడే హైప్రెషర్ రెగ్యులేటర్ బిగించకూడదు. హైదరాబాద్, విజయవాడ వంటి చోట్ల పైపు గ్యాస్‌కు మారే ఇళ్లలో గీజర్‌లో గ్యాస్ చిమ్మే జెట్లు పైపు గ్యాస్‌కు తగినవేనా అన్నది తప్పక చూడాలి.

గాలి సంగతికి లెక్క ఉంది. కిలో ఎల్‌పీజీ పూర్తిగా కాలడానికి 12 నుంచి 13 ఘనపు మీటర్ల గాలి కావాలి. పది నిమిషాల స్నానానికి ఆ గాలి రెండు ఘనపు మీటర్లు. ఐదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తున్న స్నానాల గదిలో ఉండే గాలి మొత్తం ఏడు ఘనపు మీటర్ల లోపే. తలుపులు మూసిన గదిలో గీజర్ ఉంటే ఆక్సిజన్ త్వరగా తగ్గి, గ్యాస్ సగం సగం కాలి, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. లీకైన ఎల్‌పీజీకి అందులో కలిపిన మెర్‌కాప్టాన్ వల్ల వాసన వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనా లేదు, రంగూ లేదు. తలనొప్పి, తలతిరగడం, వాంతి వచ్చేలా ఉండడం దాని తొలి లక్షణాలు.

అందుకే గీజర్, సిలిండర్ రెండూ స్నానాల గది బయట, గాలాడే బాల్కనీలో ఉండాలి. పొగగొట్టం ఉన్న గీజర్ దగ్గర ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిప్పితే, బయటికి పోవాల్సిన పొగను అది వెనక్కి లాగే ప్రమాదముంది. స్నానం చేస్తున్న మనిషికి తల తిరిగినట్టనిపిస్తే కుళాయి కట్టేసి ముందు గది బయటికి రావాలి. ఎవరైనా స్పృహ తప్పితే తలుపులు తెరిచి, బయటి గాలిలోకి చేర్చి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బ్యాటరీలు మార్చడం, నీటి జాలీ కడగడం, గొట్టం అతుకులకు సబ్బునురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడడం ఇంట్లోవాళ్లు చేసుకోగల పనులు. గ్యాస్ వాసన వస్తే సిలిండర్ కట్టేసి, ఏ స్విచ్చూ ముట్టుకోకుండా, బయటికి వచ్చాక 1906కు ఫోన్ చేయాలి. జెట్లు, సొలినాయిడ్, బర్నర్, గార తొలగింపు మెకానిక్ పని. ఏడాదికోసారి, వీలైతే చలికాలం ముందు, సర్వీసు చేయించి, ఆ తర్వాత మంట రంగును మరోసారి చూసుకోవాలి.