చెదిరిన పరపతికి డిపాజిట్ ఆసరా

పరపతి అంటే తెలుగులో అప్పు అనీ, పలుకుబడి అనీ రెండు అర్థాలున్నాయి. ఊళ్ళో మాట నిలబెట్టుకున్నవానికే అప్పు పుట్టేది గనుక ఈ రెండింటికీ ఒకే పదం సరిపోయింది. నేడు ఆ పలుకుబడిని ఊరు కాక, 300 నుంచి 900 వరకు గల ఒక అంకె నిర్ణయిస్తున్నది. 2000లో సిబిల్ సంస్థ ఏర్పడింది. రుణ సమాచార సంస్థల నియంత్రణ చట్టం 2005లో వచ్చింది. ప్రస్తుతం దేశంలో ఇటువంటి సంస్థలు నాలుగు పనిచేస్తున్నాయి. ఉద్యోగం పోయియో, ఇంట్లో జబ్బు వల్లనో వాయిదాలు తప్పినవారు తిరిగి నిలదొక్కుకున్నప్పటికీ, ఈ అంకె తగ్గిన కారణంగా బ్యాంకుల నుంచి తిరస్కారమే ఎదుర్కొంటున్నారు.

బాకీలో కొంత కట్టించుకుని తక్కినది వదులుకునేందుకు బ్యాంకు అంగీకరిస్తే పీడ వదిలిందని పలువురు భావిస్తారు. అయితే నివేదికలో ఆ ఖాతా 'సెటిల్డ్' అని నమోదవుతుంది. పూర్తిగా చెల్లించిన ఖాతాతో దానిని ఏ బ్యాంకూ సమానంగా చూడదు. శక్తి కలిగినప్పుడు మిగిలిన మొత్తం చెల్లించి, బాకీ లేదన్న పత్రం పొంది, నమోదును మార్పించుకోవడం మేలు. ఆత్రంతో నాలుగైదు బ్యాంకులకు ఒకేసారి దరఖాస్తు చేయడం మరొక పొరపాటు. ప్రతి విచారణా నివేదికకెక్కి, దరఖాస్తుదారు అప్పు కోసం అల్లాడుతున్నాడన్న అభిప్రాయం కలిగిస్తుంది.

సొంత సొమ్మే హామీ

ఇటువంటివారికి ఫిక్స్‌డ్ డిపాజిట్ హామీపై ఇచ్చే క్రెడిట్ కార్డు అనువైన మార్గం. డిపాజిట్‌పై వడ్డీ యథాప్రకారం వస్తుంది. అందులో అధిక భాగం మేరకు కార్డు పరిమితి ఉంటుంది. బాకీ చెల్లించకుంటే బ్యాంకు డిపాజిట్ నుంచి జమ చేసుకుంటుంది. తనకు నష్టభయం స్వల్పం గనుక, అంకె తక్కువగా ఉన్నవారికి సైతం బ్యాంకు కార్డు ఇవ్వడానికి సాధారణంగా వెనుకాడదు.

సహకార సంస్థలను ఆశ్రయించేవారు ఒక తేడా గమనించాలి. 1904 నాటి చట్టంతో మన దేశంలో వేళ్ళూనిన సహకార పరపతి సంఘాలలో సభ్యుని నడవడిక సంఘానికి తెలుసు. కాని బ్యాంకింగ్ లైసెన్సు లేని సంఘంలో ఇరవై ఏళ్ళు క్రమం తప్పక చెల్లించినా ఆ మంచి పేరు రుణ నివేదికకు ఎక్కకపోవచ్చు. అక్కడి డిపాజిట్‌కు బీమా కూడా లేదు. లైసెన్సు గల సహకార బ్యాంకు డిపాజిట్లకు మాత్రం, వాణిజ్య బ్యాంకులలో వలెనే, 2020 ఫిబ్రవరి నుంచి 5 లక్షల రూపాయల వరకు బీమా వర్తిస్తున్నది. కార్డు లావాదేవీలను రుణ సమాచార సంస్థలకు పంపుతారా అని దరఖాస్తుకు ముందే అడిగి తెలుసుకోవాలి.

హక్కులు, జాగ్రత్తలు

దరఖాస్తును తిరస్కరిస్తే కారణాన్ని లిఖితపూర్వకంగా తెలపాలని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశించింది. నాలుగు సంస్థలూ 2017 నుంచి ఏటా ఒక్కొక్క నివేదికను ఉచితంగా ఇవ్వవలసి ఉన్నది. తప్పు నమోదుపై ఫిర్యాదు 30 రోజులలో పరిష్కారం కాకుంటే, 2024 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం రోజుకు 100 రూపాయల పరిహారం కోరవచ్చు. 2025 జనవరి నుంచి కనీసం పక్షానికొకసారి సమాచారం పంపాలన్న నియమం వల్ల మంచి చెల్లింపు త్వరగా నమోదవుతున్నది. తప్పిన వాయిదా కూడా అంతే త్వరగా నమోదవుతున్నది.

కార్డు చేతికి వచ్చాక దానిని అదనపు ఆదాయంగా భావించరాదు. పరిమితిలో మూడో వంతు లోపే వాడుకుని, గడువులోగా పూర్తి మొత్తం చెల్లించాలి. కనీస మొత్తంతో సరిపెడితే మిగిలిన బాకీపై నెలకు 3 శాతం పైబడి వడ్డీ పడే కార్డులు అనేకం. పోయిన పరపతిని దరఖాస్తు తిరిగి తేలేదు. గడువు తప్పని చెల్లింపులే నెల వెంట నెలగా దానిని కూడగట్టాలి.