వరద రోజున పడవ మోటారు ఎందుకు మొరాయిస్తుంది?

తొలకరి పడింది. గోదాములోని పడవను నీళ్ళలోకి దించారు. మోటారు తాడు లాగారు. పలకలేదు. మళ్ళీ లాగారు. ఒకసారి దగ్గినట్లు చప్పుడు చేసి ఆగిపోయింది. నిరుడు చక్కగా పనిచేసిన మోటారే! ఇన్నాళ్ళూ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. మరి ఎలా పాడైంది?

ఎవరూ ముట్టుకోకపోవడమే దానికి వచ్చిన జబ్బు.

భిలాయిలో పడవ అనగానే పిల్లలకు మైత్రీబాగ్ చెరువు గుర్తుకొస్తుంది. కానీ పక్కనే దుర్గ్ దగ్గర మహానదికి ఉపనది అయిన శివనాథ్ పారుతోంది. వర్షాకాలంలో అది పొంగి ఒడ్డు గ్రామాలను చుట్టుముట్టినప్పుడు రక్షణ దళాలు మోటారు పడవల్లోనే జనాన్ని తరలిస్తాయి. చాలా నెలలు కదలకుండా పడి ఉండి, ఒక్కరోజు మాత్రం తప్పక పనిచేయవలసిన యంత్రం అది. ఆ రోజున అది ఎందుకు మొరాయిస్తుందో తెలియాలంటే ముందుగా పెట్రోలు నడిచే దారి చూద్దాం.

ట్యాంకు నుంచి సిలిండరు దాకా

పడవ వెనుక చెక్కకు బయటి నుంచి బిగించే మోటారును అవుట్‌బోర్డు మోటారు అంటారు. చాలా మోటార్లకు పెట్రోలు ట్యాంకు విడిగా ఉంటుంది. అక్కడి నుంచి వచ్చే గొట్టం మధ్యలో ఒక రబ్బరు బల్బు ఉంటుంది. దాని రెండు చివరలా ఒకే దిక్కుకు తెరుచుకునే కవాటాలుంటాయి. పిండితే పెట్రోలు ముందుకు పోతుంది. వదిలితే ట్యాంకు నుంచి కొత్త పెట్రోలు వస్తుంది. మన గుండె రక్తాన్ని పంపే తీరు కూడా ఇదే కదా!

తరువాత వడపోత, పల్చని పొర కదలికతో పనిచేసే పంపు, చివరకు కార్బురేటరు. కార్బురేటరు గిన్నెలో ఒక ఫ్లోటు తేలుతూ ఉంటుంది. ఇంటి మీది నీళ్ళ ట్యాంకులో బంతి చేసే పనినే ఇక్కడ ఇది చేస్తుంది. గిన్నె నిండగానే సూది కవాటాన్ని మూసి పెట్రోలును ఆపుతుంది.

గిన్నెలోని పెట్రోలు గాలిలో ఎలా కలుస్తుంది? ప్రవాహం వేగం పెరిగిన చోట పీడనం తగ్గుతుందని 1738లో డేనియల్ బెర్నౌలీ చూపించాడు. కార్బురేటరులో గాలి వెళ్ళే గొట్టం ఒకచోట సన్నబడుతుంది. అక్కడ గాలి వేగం పెరిగి, పీడనం పడిపోయి, జెట్టు అనే సన్నని రంధ్రం గుండా పెట్రోలు పైకి ఎగబాకి తుంపరగా మారుతుంది. దోమల మందు చల్లే ఫ్లిట్ పంపు పనిచేసేదీ ఇలాగే. గ్లాసు నీళ్ళలో ఒక స్ట్రా నిలబెట్టి, దాని పై అంచు మీదుగా మరో స్ట్రాతో గట్టిగా ఊది చూడండి. తుంపర లేస్తుంది!

1 కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. బ్లాస్టు ఫర్నేసులో కోకు, గాలి పాళ్ళు తప్పితే ఏమవుతుందో ఉక్కు నగరపు పిల్లలకు చెప్పనక్కర్లేదు. మోటారులో ఆ పాళ్ళను నిలిపేది 1 మిల్లీమీటరు అటూఇటుగా ఉండే ఆ చిన్న రంధ్రమే.

నిలవ పెట్రోలులో ఏం జరుగుతుంది?

మొదటిది, తేలికగా ఆవిరయ్యే భాగాలు ఎగిరిపోతాయి. మోటారు మొదట అంటుకోవడానికి కావలసినవి అవే.

రెండవది, పెట్రోలులోని కొన్ని హైడ్రోకార్బన్లు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా మారతాయి. ఈ జిగురు జెట్టులో పేరుకుంటుంది.

మూడవది ఇథనాలు. మన దేశపు పెట్రోలులో దీని వాటా సగటున 2022 జూన్‌లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. ఇథనాలు తేమను పీల్చుకుంటుంది. 10 శాతం ఇథనాలు ఉన్న పెట్రోలు లీటరుకు సుమారు 5 మిల్లీలీటర్ల నీటిని తనలో కలుపుకోగలదు. అంతకు మించితే నీరు, ఇథనాలు కలిసి వేరే పొరగా ట్యాంకు అడుగుకు దిగుతాయి. 20 శాతం ఉన్నప్పుడు మరికొంత నీటిని ఓర్చుకుంటుంది. కానీ విడిపోతే అడుగు పొర మరింత మందంగా ఉంటుంది.

పెట్రోలులోనే నూనె కలిపి వాడే రెండు స్ట్రోకుల మోటార్లకు ఇది మరీ ప్రమాదం. నూనె పై పొరలోనే ఉండిపోతుంది. గొట్టం పీల్చుకునేది అడుగు పొరను! మోటారు తిరిగినా నూనె అందక లోపలి భాగాలు పట్టేస్తాయి.

లక్షణాన్ని బట్టి రోగం

మోటారు కాసేపు నడిచి ఆగిపోయి, బల్బు చప్పిడిగా నొక్కుకుపోయిందా? ట్యాంకు మూతలోని గాలి మర తెరవడం మరిచిపోయి ఉంటారు. పెట్రోలు తగ్గేకొద్దీ లోపల పీడనం పడిపోయి ప్రవాహం నిలిచిపోయింది. మర తిప్పితే చాలు.

ఎంత పిండినా బల్బు గట్టిపడటం లేదా? గొట్టం ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా సూది కవాటం మూసుకోవడం లేదు.

చోక్ లాగి ఉంచితేనే నడుస్తోందా? పెట్రోలు చాలడం లేదన్నమాట. జెట్టులో జిగురును అనుమానించాలి.

ఇంటి దగ్గర మరమ్మతు

ముందుగా ఒక హెచ్చరిక. సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా పెట్రోలు నుంచి మండగలిగేంత ఆవిరి వస్తుంది. అది గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. అందుకే నేల మీదుగా పాకి, దూరంగా ఉన్న పొయ్యిని కూడా చేరగలదు. కనుక ఈ పని ఆరుబయటే, పనితెలిసిన పెద్దవారు పక్కన ఉండగానే చేయాలి. స్పార్కు ప్లగ్గు తీగను ముందే తీసి పక్కన పెట్టాలి.

ట్యాంకు అడుగు నుంచి కొంత పెట్రోలును గాజు సీసాలోకి తీసి కదపకుండా ఉంచండి. కింద వేరే పొర కనిపిస్తే ఆ పెట్రోలు పనికిరాదు. దాన్ని మురుగుకాలువలో పోయకూడదు. వడపోత మార్చి, పగుళ్ళిచ్చిన గొట్టాలు తీసేసి, కార్బురేటరు గిన్నె విప్పి జెట్టును శుభ్రపరిచే ద్రావణంతో కడగాలి.

చాలామంది ఇక్కడే జెట్టును ఇనుప తీగతో పొడుస్తారు. రంధ్రం వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 1 మిల్లీమీటరు రంధ్రం అరిగి 1.1 అయితే వైశాల్యం 21 శాతం పెరిగి పాళ్ళు తప్పుతాయి. తీగ వాడవద్దు.

అన్నీ బిగించాక మోటారు కింది భాగాన్ని నీళ్ళ డ్రమ్ములో ముంచి నడపాలి. దాన్ని చల్లబరిచేది ఆ నీళ్ళే. ఒట్టిగా తిప్పితే లోపలి రబ్బరు పంపు క్షణాల్లో కాలిపోతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న కొత్త మోటార్లలో పెట్రోలు ఎక్కువ పీడనంలో ఉంటుంది. వాటిని మెకానిక్కే వదిలేయాలి.

నివారణ మాత్రం చాలా సులువు. వానలు వెళ్ళాక మోటారును దాచే ముందు కార్బురేటరు గిన్నెను, ట్యాంకును ఖాళీ చేయాలి. వాడే ముందు తాజా పెట్రోలు పోయాలి. వరద వచ్చాక కాదు, మే నెలలోనే ఒకసారి డ్రమ్ములో తాడు లాగి చూడాలి. ఆ పది నిమిషాల పని మరిచిపోతే, చుట్టూ నీళ్ళు పెరుగుతుంటే మిద్దె మీద నిలబడి పడవ కోసం చూస్తున్నవారు ఇంకా ఎదురుచూడాల్సి వస్తుంది.